చింతగింజల వేలం

రఘుపతి సారు మల్లిక రాసిన ఇరవై పేజీల వ్యాసాన్ని చివరిదాకా చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మంచిగనే రాసినవమ్మా. ఎవరెవరు ఏమేమన్నరో అంత ఉన్నది. గని నీకేమనిపించిందో ఒక్క ముక్క లేదు. గిది నోట్సు, వ్యాసం గాదు. నెలాఖరుకు సెమినార్. తిరిగి రాసుకొని రా."

మల్లిక నల్లగొండ యూనివర్సిటీలో ఎమ్మే ఎకనామిక్స్ రెండో సంవత్సరం. ఆమెకు వచ్చిన అంశం వనరుల పంపకం. స్వేచ్ఛా మార్కెట్‌ను నమ్మిన పాతకాలపు ఆలోచనాపరులు తర్వాతి ఆర్థికవేత్తల బుర్రలను ఎలా మలిచారన్నది చెప్పాలి. రెండున్నర వందల ఏళ్ల కిందట స్కాట్లాండు పంతులొకాయన, ఎవరి లాభం వాళ్లు చూసుకున్నా బజారు అందరి కడుపూ నింపుతుందన్నాడు. తర్వాతెప్పుడో ఆస్ట్రియా దేశపు ఆయన ఇంకో అడుగు వేశాడు. ఎవరికి ఏది ఎప్పుడు అవసరమో ఆ సంగతి లక్ష తలల్లో చెల్లాచెదురుగా ఉంటుంది, ఏ ఆఫీసూ దాన్నంతా ఒక కాగితం మీదికి తేలేదు, ధర మాత్రమే ఆ కబురును మోసుకొస్తుంది అన్నాడు. ఇవన్నీ మల్లికకు నోటికొచ్చు. నోటికి రావడం వేరు, అనిపించడం వేరు.

సెలవులకు హాస్టల్ ఎట్లాగూ ఖాళీ అయింది. పుస్తకాలు సంచిలో వేసుకుని హాలియా బస్సెక్కింది.

ఆమె సొంతూరు హాలియా కాదు. తల్లిదండ్రులు బీరప్ప, బక్కమ్మలది మహబూబ్‌నగర్ వైపు, దేవరకద్ర దగ్గర. వాళ్లకు మూడు వందల గొర్లున్నాయి. ఎండాకాలంలో యాసంగి వరికోతలు కాగానే మందను తోలుకుని నడిచొచ్చి, హాలియా అవతల సాగర్ కాలువ కింది ఊళ్లో నెల రోజులు ఉంటారు. పగలు గొర్లు కోసిన మళ్లలో మేస్తాయి. రాత్రికి ఎవరో ఒక రైతు మడిలో వల చుట్టి మందను ఆపుతారు. తెల్లారేసరికి మడంతా ఎరువు. దానికి రాత్రికింతని రైతు ఇస్తాడు. ఆ సంసారానికి ఏడాది మొత్తంలో గట్టి ఆదాయం అదే.

మల్లిక ఆటో దిగి కాలువ కట్ట మీద నడిచొచ్చేసరికి మంద దగ్గర పెద్ద గోల. భీమయ్య అనే పదెకరాల ఆసామి, మందకు దారి చూపే, గంట కట్టిన పెద్ద పొట్టేలును కుడి కొమ్ము పట్టుకుని తన చేను వైపు లాగుతున్నాడు. ఆయన అన్న కొడుకు వెంకటేష్ ఎడమ కొమ్ము పట్టుకుని తన వైపు లాగుతున్నాడు. పొట్టేలు నాలుగు కాళ్లూ నేలకు తన్నిపెట్టి, ఇద్దరిలో ఎవరిని ముందు పొడవాలా అన్నట్టు చూస్తోంది. నడుమ బీరప్ప చేతులు జోడించుకుని నిలబడ్డాడు.

"ఇయ్యాల రాత్రి నాకన్నవా లేదా?" అని అరిచాడు భీమయ్య.

"అన్న పటేలా."

"మరి నాకు?" అన్నాడు వెంకటేష్.

"నీకు గూడ అన్న."

బీరప్పకు కాదనడం రాదు. ఎవరేమడిగినా "సరే" అంటాడు. మిగతా ఏళ్లలో ఆ మాటతో చిక్కేమీ రాలేదు. పోయిన వానాకాలంలో జనం యూరియా కోసం చెప్పులు వరుసలో పెట్టి పడిగాపులు కాశారు. దాంతో ఈసారి ఊరు ఊరంతా గొర్ల ఎరువు మీద పడింది. ఉండేది ఇరవై నాలుగు రాత్రులు. అడిగినవాళ్లు ముప్పై ఎనిమిది మంది. ముప్పై ఎనిమిది మందికీ బీరప్ప సరే అన్నాడు.

"మీ నాయిన నోటికి ఓ తాళం కొనుక్కరాకపోతివి హాలియాల?" అంది బక్కమ్మ కూతురి సంచి అందుకుంటూ. ఆమె ఎండలో నల్లబడ్డ సన్నటి మనిషి. మూడు వందల గొర్లనూ మొహం చూసి గుర్తుపడుతుంది. మనుషులనైతే కొంచెం ఆలస్యంగా గుర్తుపడుతుంది.

ఆ సాయంత్రం సర్పంచ్ యాదయ్య పంచాయితీ ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టాడు. మంచి మనిషి. న్యాయంగా చేయాలన్న తపన ఉన్నవాడు. భూమి రికార్డు తీసి, సర్వే నంబర్ల వరుసలో పట్టీ రాయించాడు. ఈ ఏడాది మొదటి ఇరవై నాలుగు మంది, మిగిలినవాళ్లకు వచ్చే ఏడాది. ఎవరూ నోరెత్తడానికి లేకుండా పట్టీని గోడకు అంటించాడు. బీరప్ప సరే అన్నాడు.

మొదటి రాత్రి వంతు వచ్చినాయన మడి ఇంకా కోయనే లేదు. మంద కాలువ గట్టు మీదే పడుకుంది. రెండో నంబరు కాలువకు అవతల, మూడో నంబరు మళ్లీ ఇవతల. పిల్లలేసే గొర్లు ఆ ఎండలో వంతెన ఎక్కి దిగి రొప్పాయి. మూడో మడిలో తూము కారి నీళ్లు నిలిచి ఉన్నాయి. తెల్లారి చూస్తే రెండు గొర్లు కుంటుతున్నాయి.

బక్కమ్మ నేరుగా పంచాయితీ ఆఫీసుకు వెళ్లి గోడ మీది పట్టీని చూపించింది.

"సర్పంచ్ సాబ్, గీ కాయితానికి ఏ మడిల నీళ్లున్నయో తెలుస్తదా?"

"తెల్వదమ్మా."

"ఏ గొర్రె ఏ దినం ఈనుతదో తెలుస్తదా?"

"అదెట్ల తెలుస్తది?"

"మరి దాని మాట నేనెందుకు ఇనాలె?"

యాదయ్య తల గోక్కున్నాడు. తప్పు ఆయనది కాదు. ఆయనకు ఊళ్లో ఎవరికెంత భూమి ఉందో తెలుసు. ఎవరి మడి ఏ రోజుకు తయారుగా ఉంటుందో ముప్పై ఎనిమిది మందిని విడివిడిగా అడగాలి, అడిగిన జవాబు రెండు రోజులకు మారిపోతుంది. పక్కనే నిలబడ్డ మల్లికకు అప్పుడు తట్టింది. ఆస్ట్రియా ఆయన చెప్పింది సరిగ్గా ఇదే. రెండేళ్లుగా పరీక్షల్లో రాస్తున్న వాక్యం కుంటుతూ వచ్చి ఎదురుగా నిలబడింది.

"నాయినా, ఏలం పెడదం," అంది ఆమె ఆ రోజే. "రాత్రికింత అని పాడనీ. ఎవరికి అక్కెర ఎక్కువుంటే వాళ్లే ఎక్కువ పాడుతరు. మనం ఎవ్వరికీ సరే అనే పని లేదు."

బీరప్ప ఎంత సంబరపడ్డాడంటే, దానికి కూడా సరే అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం వడ్లు కొనే సెంటర్ రేకుల షెడ్డు కింద వేలం. మల్లిక ఒక్కో రాత్రి పేరు చెబుతుంటే జనం పాడారు. మొదట పది నిమిషాలు అంతా పుస్తకంలో రాసినట్టే జరిగింది. మడి తయారుగా లేనివాళ్లు ముందు రాత్రులకు నోరే విప్పలేదు. నారుమడి తొందరున్నవాళ్లు వాటికి పోటీపడ్డారు. అడగకుండానే ఎవరి అవసరం ఏమిటో బయటికొస్తోంది. మల్లికకు గాల్లో తేలినట్టుంది.

అప్పుడు వెంకటేష్ ఒక రాత్రికి పాడాడు. భీమయ్య దాని మీద పాడాడు. వెంకటేష్ పెంచాడు. భీమయ్య తువ్వాల దులిపి భుజాన వేసుకుని ఇంకా పెంచాడు. ఇద్దరికీ గట్టు తగాదా ఒకటి ఎనిమిదేళ్లుగా ఉంది. అది కాస్తా వేలంలోకి వచ్చి కూర్చుంది. పాట ముగిసేసరికి మిగిలిన ఇరవై రాత్రుల్లో పదకొండు భీమయ్యవి. అదీ ఎప్పుడూ ఇచ్చేదానికి రెండింతల ధర.

షెడ్డు చివర అరుణమ్మ అనే ఆమె లేచి, చీర కుచ్చిళ్లు దులుపుకుని వెళ్లిపోయింది. ఆమెకున్నది ఒక్క ఎకరం చౌడు భూమి. భర్త లేడు. ఒక్కసారి పాడబోయి, ధర విని నోరు మూసుకుంది. మల్లిక చూసింది. బక్కమ్మ కూడా చూసింది.

గుడిసె దగ్గరికి వచ్చాక బక్కమ్మ కూతురికి నీళ్లిచ్చింది.

"గీ నీళ్లు యాడియో ఎర్కేనా?"

"అరుణమ్మ చిన్నమ్మ బోరుయి."

"ఇరవై ఏండ్ల సంది మనుషులకు, జీవాలకు ఆ బోరే. ఒక్కనాడు పైస అడగలే. నువ్వు చిన్నగున్నప్పుడు నీకు అమ్మోరు పోస్తే ఆమె ఇంట్ల పండవెట్టుకున్నది. మీ ఏలం పాటల గిది ఏ లెక్కల వడ్డది?"

మల్లిక నీళ్ల చెంబు కింద పెట్టింది. ఫోను పట్టుకుని కట్ట మీదికి వెళ్లి, రఘుపతి సారుకు జరిగిందంతా చెప్పింది. "మార్కెట్ ఫెయిలైంది సార్," అని ముగించింది.

అవతల సారు పగలబడి నవ్వాడు. "పట్టీ గూడ ఫెయిలైంది గదా? రెండేండ్లల్ల నేను చెప్పలేనిది నువ్వు నాలుగు దినాలల్ల చూసినవ్. ఇను. ధర కబురు మోసుకొస్తది, నిజమే. నీ ఏలంల ఎవరికెంత అక్కెర అనే కబురుతోని పాటు ఎవరి జేబు ఎంత బరువు అనే కబురు గూడ కలిసొచ్చింది. ఆ పెద్దమనుషుల తర్వాత వచ్చినోళ్లు శానామంది గీ రెండిటిని ఎట్ల ఇడదియ్యాలె అని తండ్లాడిండ్రు. పాతోళ్లను పారెయ్యలే, వాళ్ల మాటకు తగిన కట్టుబాట్లు కుట్టిండ్రు. నీ పుస్తకాలల్ల ఉన్నది, సదువు."

సంచిలోని పుస్తకాలు అప్పుడు మొదటిసారి మార్కుల కోసం కాకుండా తెరిచింది. మూడో పుస్తకంలో దొరికింది. ఏదో దేశంలో ఆకలితో ఉన్నవాళ్లకు తిండి పంచే సంస్థ ఒకటి. మొదట ఆఫీసు నుంచి పట్టీ ప్రకారం పంపేవాళ్లు. బంగాళాదుంపలు పండే ఊరికి బంగాళాదుంపలే వెళ్లేవి. ఆర్థికవేత్తలొచ్చి, కేంద్రాలన్నిటికీ డబ్బు కాకుండా ఉత్తుత్తి బిళ్లలు పంచి, వాటితో పాడుకోమన్నారు. ఎవరికి ఏం కావాలో వాళ్లే చెప్పుకున్నారు.

మర్నాడు పొద్దున్నే బీరప్ప గుడిసె ముందు భీమయ్య ప్రత్యక్షమయ్యాడు. ముఖం వాడిపోయి ఉంది.

"బీరప్పా, నాకు అన్ని రాత్రులు వద్దు. ఎంకటేషుగాని మీద కోపంల పాడిన. మా ఇంటామె ఇంట్లకు రానిస్తలేదు."

బీరప్ప అలవాటు కొద్దీ నోరు తెరవబోతే, బక్కమ్మ చేత్తో మూసింది. "పైసలింక తీసుకోలే గదా పటేలా. ఏలం మళ్ల పెడతది మా బిడ్డ. ఈపాలి వేరే తీరుగ."

బిళ్లలు ఎక్కడి నుంచి తేవాలన్నది ఒక్కటే మిగిలింది. అరుణమ్మ వాకిట్లో ఆడవాళ్లు చింతపండు కొట్టి గింజలు తీస్తున్నారు. మూలకు పెద్ద కుప్ప. మల్లిక అడిగితే, అరుణమ్మ నవ్వి చేటెడు గింజలు ఒళ్లో పోసింది. "గీటితోని ఏం కొంటవ్ బిడ్డా?" అంది.

కట్టుబాట్లు తల్లీకూతుళ్లు కూర్చుని తయారుచేశారు. రాత్రికి ఇవ్వాల్సిన డబ్బు అందరికీ ఒక్కటే, ఎప్పుడూ ఉండేదే. ఏ రాత్రి ఎవరిదన్నది మాత్రం గింజలతో పాడాలి. ఎకరమున్నా పదెకరాలున్నా ఇంటికి ఇరవై గింజలు. ఖర్చుకాని గింజలు వచ్చే ఏడాదికి చెల్లుతాయి. గెలిచిన రాత్రిని ఇష్టమైతే ఇంకొకరితో మార్చుకోవచ్చు. మల్లిక చెప్పని ఇంకో మాట బక్కమ్మ చేర్చింది. గొర్ల తరఫున ఆమెకూ ఇరవై గింజలు. ఈనే గొర్లకు మూడు రాత్రులు పొడి నేల మీద విశ్రాంతి కావాలి. దానికి ఆమె కూడా అందరితో పాటు పాడుతుంది.

మర్నాడు షెడ్డు కింద మళ్లీ జనం. ఈసారి ఆడవాళ్లు కూడా వచ్చారు. చింతగింజలతో వేలమంటే చూడకుండా ఎవరుంటారు? యాదయ్య గింజలు లెక్కపెట్టి పంచాడు. పాట మొదలైంది. డబ్బుతో పాడినప్పటికంటే జనం ఎక్కువ ఆలోచించారు. ఒక్కొక్కరు అరచేతిలో గింజలు ఆడిస్తూ, భార్యను సంప్రదిస్తూ, మడిని తలుచుకుంటూ పాడారు. అంగడి రోజు రాత్రి ఎవరికీ వద్దు, అది రెండు గింజలకే పోయింది. నార్లు పోసే ముందటి రాత్రులు పద్నాలుగు, పదిహేను దాకా వెళ్లాయి.

మధ్యలో భీమయ్య హుషారుగా, "ముప్పై ఐదు!" అన్నాడు.

షెడ్డంతా ఆయన వైపు తిరిగింది. "ఇరవయ్యే గదా ఇచ్చింది తాతా?" అంది మల్లిక.

"కూడవెట్టుకున్న," అంటూ ఆయన రెండు చేతులూ చాపి, గింజలు బల్ల మీద పోశాడు. బక్కమ్మ వంగి ఒకసారి చూసి, పదిహేను గింజలు వేలితో పక్కకు తోసింది.

"గివి మీ ఇంటియి పటేలా. మాయి ఎర్రగుంటయి."

ముందు రోజు రాత్రి ఎవరికీ చెప్పకుండా ఆమె ప్రతి గింజకూ, గొర్లకు గుర్తు పెట్టే ఎర్రరంగు చుక్క పెట్టింది. షెడ్డు రేకులు ఎగిరేలా జనం నవ్వారు. వెంకటేష్ కడుపు పట్టుకుని కూలబడ్డాడు. భీమయ్య ముందు ముఖం ముడుచుకున్నాడు. ఎదురుగా భార్య కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే ఇక ఆపుకోలేక తనూ నవ్వేశాడు. "ఇంట్ల బస్తెడున్నయి, ఊకె పాడయితున్నయని తెచ్చిన," అన్నాడు.

ఉన్న ఇరవై గింజలతో ఆయన నారుమడికి ఒక్క రాత్రి, వచ్చే వారం ఇంకో రాత్రి కొనుక్కున్నాడు. తనకు తప్పనిసరిగా కావలసినవి ఆ రెండే. అరుణమ్మ తన ఇరవై గింజలూ ఒక్కసారే పెట్టి, పక్కపక్కనున్న రెండు రాత్రులు గెలిచింది. బక్కమ్మ గొర్ల తరఫున మూడు రాత్రులు బేరమాడి తీసుకుంది. రాత్రి దొరకనివాళ్లు గింజలను మూటగట్టి, వచ్చే ఏడాదికి దాచుకోవడానికి ఇంటికి తీసుకుపోయారు. ఒక్కరూ తిట్టుకోలేదు. మల్లిక ఆ రోజు అన్నం రెండుసార్లు పెట్టించుకుంది.

అంతా తేలిపోయిందనుకుంది. మూడో రోజున భీమయ్య వచ్చి, అరుణమ్మ రెండో రాత్రి ఇప్పుడు తనదని చెప్పాడు. మల్లికకు నమ్మబుద్ధి కాలేదు. పరుగున అరుణమ్మ ఇంటికి వెళ్లింది.

"చిన్నమ్మా, భీమయ్య తాత నిన్ను బెదిరిచ్చిండా?"

"ఎందుకు బెదిరిస్తడు? మార్చుకున్న. ఒక రాత్రి ఆయనకిచ్చిన, ఆయన ట్రాక్టర్ తోని నా ఎకరం రెండు సాళ్లు దున్నిపిస్తడు."

"నీకోసమనే గదా గిదంత తిప్పలు పడ్డది! నీ చౌడు భూమికి ఎరువు ఎంత అక్కెర!"

అరుణమ్మ చింతపండు ఉండలు చుడుతున్న చేతులు ఆపి ఆమె వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. చిన్నపిల్ల ఏదో ముద్దుమాట అన్నట్టు చూసింది.

"ఎరువేసి దున్నకపోతే అది మీద మీదనే ఎండిపోతది బిడ్డా. పోయినేడు కిరాయి ట్రాక్టర్ దొరక్క దుక్కి ఆలిశమయ్యింది, పంట పోయింది. నాకు ఒక్క రాత్రి ఎరువు సాలు, ట్రాక్టర్ గావాలె. నా అక్కెర నాకు తెల్వదా?"

మల్లిక గడప మీద కూర్చుండిపోయింది. యాదయ్య పట్టీని చూసి తను నవ్వుకుంది. ఇప్పుడు అరుణమ్మకు ఏం కావాలో తనే పట్టీ రాసి పెట్టుకుంది, అదీ ఆమెను అడగకుండానే. ముందు సిగ్గేసింది. తర్వాత ఆ సిగ్గు మీదే నవ్వొచ్చింది. అరుణమ్మ ఆమె చేతిలో ఒక చింతపండు ఉండ, ఉప్పుకల్లు పెట్టి తినమంది.

ఆ మధ్యాహ్నమే వ్యాసం మొదలుపెట్టింది. కట్ట మీద తుమ్మ నీడన, చుట్టూ గొర్లు నెమరేస్తుంటే రాసింది. ఐదు రోజుల్లో పన్నెండు పేజీలు. స్కాట్లాండు ఆయనను, ఆస్ట్రియా ఆయనను రెండు పేజీల్లో సర్దేసింది. మనిషి అవసరం మనిషికే తెలుసు, దాన్ని చెప్పుకునే తోవ ఇవ్వండి అన్న మాటే వాళ్లు వెనకవాళ్లకు ఇచ్చిన ఆస్తి అని రాసింది. వెనకవాళ్లు ఆ ఆస్తిని పాడుచేయకుండా, చేతిలో పైసా లేనివాళ్ల గొంతు కూడా వినపడేలా తోవ వెడల్పు చేశారని రాసింది. మిగతా పది పేజీలూ గొర్లే.

నెలాఖరున సెమినార్ హాల్లో నలభై మంది. మల్లిక మొదట్లో కాగితం మీంచి తలెత్తకుండా చదివింది. భీమయ్య ముప్పై ఐదు గింజల దగ్గరికి వచ్చేసరికి హాలంతా నవ్వుల్లో మునిగింది, ఆమె కాగితం పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టింది. చివర్లో వెనక బెంచీ నుంచి మనీష అనే పీహెచ్‌డీ విద్యార్థిని లేచింది.

"అయితే నువ్వు మార్కెట్ వైపా, సర్కారు పట్టీ వైపా?"

మల్లిక వెనక బెంచీ వైపు తిరిగింది. "మా అరుణమ్మ చిన్నమ్మ తన సంగతి తను చెప్పుకునే జాగా ఏ వైపు ఉంటే ఆ వైపు. ఆ జాగా దానంతట అదే తయారు గాదు. ఎవరో కూసొని కట్టాలె. కట్టినంక ఆమె ఏం చెప్పాలనో మనం చెప్పొద్దు. రెండోది నాకు జర ఆలస్యంగ తెలిసింది."

రఘుపతి సారు అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. బయటికొచ్చాక వ్యాసం తిరిగిచ్చాడు. మొదటి పేజీ మీద ఒక్క దిద్దుబాటూ లేదు. "పదో పేజీల గొర్రె కాలికి ఏం మందు పెట్టిండ్రో రాయలే," అన్నాడు. "మా బామ్మర్దికి రెండు గొర్లున్నయి, అడుగుతుండు."

అప్పటికే మబ్బులు కమ్ముతున్నాయి. బీరప్ప, బక్కమ్మ మందను తోలుకుని పడమటికి తిరుగుముఖం పట్టారు. మల్లిక దేవరకొండ బస్సెక్కి, మల్లేపల్లి దాటాక దిగి, రోడ్డు పక్కన దుమ్ము లేస్తున్న చోటికి నడిచింది.

బక్కమ్మ సెమినార్ గురించి అడగలేదు. "తిన్నవా?" అంది. తిన్నానని చెప్పేలోపే, అప్పుడే పుట్టిన గొర్రెపిల్లను కూతురి చేతుల్లో పెట్టింది. అది ఇంకా తడితడిగా, వెచ్చగా ఉంది.

"పిల్లలు పదిహేడయినయి. ఒక్కటి పోలే," అన్నాడు బీరప్ప గర్వంగా. తర్వాత ఉండబట్టలేక, "ఏమన్నడే మీ సారు?" అని అడిగాడు.

"మంచిగున్నదన్నడు నాయినా. ఇంకా సదువుకొమ్మన్నడు. పీహెచ్‌డీ చెయ్యమన్నడు."

"ఎన్నేండ్లు?"

"నాలుగైదు."

బీరప్ప భార్య వైపు చూశాడు. బక్కమ్మ ముందుకు నడుస్తూనే కర్రతో ఒక గొర్రెను దారిలోకి తోసి, "చెయ్యనీ," అంది. మొదటి చినుకులు దుమ్ములో పడ్డాయి. గొర్లన్నీ ఒక్కసారి తలలెత్తి వాసన చూశాయి. గొర్రెపిల్ల చలికి వణకకుండా మల్లిక దాన్ని చున్నీలో చుట్టుకుని, మంద వెనక పెద్ద పెద్ద అడుగులు వేసింది.